ఊపిరి పీల్చి ఆపండి

చల్లపల్లి వైపు నుంచి వచ్చిన బస్సు కూచిపూడి సెంటర్లో ఆగేసరికి ఇంకా మంచు విడలేదు. డిసెంబరు నెల. మీరు డ్రైవరు వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నారు. ముందు తలుపు దగ్గర ఒక పెద్దావిడ ఎక్కుతోంది. ఒక మెట్టెక్కి ఆగింది. ఇంకో మెట్టెక్కి మళ్ళీ ఆగింది. వెనక నుంచి కొడుకు మోచెయ్యి పట్టుకున్నాడు. సీట్లో కూలబడ్డాక కూడా కాసేపు ఆమెకు మాట రాలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ తరవాత దగ్గు మొదలైంది. కళ్ళె లేదు, పిల్లికూతలు లేవు. ఒకదాని మీద ఒకటి, ఉత్త పొడి దగ్గు.

కొడుకు చేతిలో లావుపాటి ప్లాస్టిక్ సంచి. అందులో పాత ఎక్స్‌రేలు, చీటీలు. కండక్టరు టిక్కెట్టు కొట్టేలోపే అతను కథంతా చెప్పేశాడు. రెండేళ్ళుగా ఇంతే. ముందు టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగింది. కళ్ళె పరీక్షలో టీబీ క్రిమి ఒక్కసారీ దొరకలేదు. ఆ పైన ఉబ్బసం అన్నారు, పీల్చే మందు ఇచ్చారు. "ఇదివరకు రామలింగేశ్వరస్వామి గుడికి ఒక్క ఊపున నడిచెళ్ళేదండీ. ఇప్పుడు మధ్యలో రెండు చోట్ల కూర్చుంటోంది."

పామర్రు దాకా రోడ్డుకు రెండు వైపులా కోసిన వరి చేలు. మోళ్ళ మధ్య మినుము పచ్చగా లేస్తోంది. ఇళ్ళ పక్కన, పశువుల పాకల పక్కన గడ్డివాములు. కోతల్లో వాన తగిలిన ఏడు ఆ వాముల లోపల గడ్డి చెమ్మతో వేడెక్కి ముక్కిపోతుంది. లాగినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేస్తుంది. ఇంకో రెండు గంటల్లో విజయవాడలో ఒక చీకటి గదిలో ఈ దుమ్ముతో మనకు పని పడుతుంది.

ఉయ్యూరు, కంకిపాడు దాటి బెంజి సర్కిల్లో దిగి, ఆటోలో సూర్యారావుపేట. బెజవాడలో డాక్టర్ల పేట ఇదే. మందుల షాపు, ల్యాబు, స్కానింగు సెంటరు, మళ్ళీ మందుల షాపు. ఊపిరితిత్తుల డాక్టరు నిన్ననే ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. లోపలికి పీల్చినప్పుడు అడుగు భాగాల్లో చిటపట. డాక్టర్లు వెల్క్రో చప్పుడు అంటారు దాన్ని. చీటీలో ఆయన ఉత్త సీటీ అని రాసి ఊరుకోలేదు. హెచ్ఆర్‌సీటీ, అంటే అతి పలచని ముక్కలుగా చూపే సీటీ, మూడు రకాలుగా తీయాలి అన్నారు: గాలి నిండా పీల్చి ఒకసారి, పూర్తిగా వదిలి ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఒకసారి. ఇప్పుడు ఆ గది తలుపు తీస్తున్నారు. లోపలికి రండి.

ఏసీ చలికి ఆమె చెంగు మెడ చుట్టూ లాక్కుంది. "సూదేస్తారా బాబూ?" అని అడిగింది. "లేదమ్మా. దీనికి సూది మందు అక్కర్లేదు. నేను చెప్పినట్టు గాలి పీల్చండి చాలు" అన్నాడు టెక్నీషియన్. పాతికేళ్ళ కుర్రాడు. బల్లను లోపలికి జరపకముందే ఆమెతో సాధన చేయించాడు. "గట్టిగా పీల్చండి... ఇంకా... ఇంకా... ఆపండి. వదలకండి." మూడో అంకెకే ఆమెకు దగ్గొచ్చింది. లేపి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. బయట క్యూ ఉంది. అయినా తొందర పడలేదు.

ఈ కుర్రాడి ఓపికను తక్కువగా చూడకండి. ఈ పొద్దున జరిగే పనుల్లో సగం బరువు దాని మీదే ఉంది. సగం గాలితో తీస్తే బాగున్న ఊపిరితిత్తి కూడా చిక్కబడి తెల్లగా కనిపిస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు, ఉన్న జబ్బు ఇంకోటైనట్టు తోస్తుంది. దగ్గితే బొమ్మ చెదిరి సన్న గీతలు మసకబారతాయి. ఎంత ఖరీదు యంత్రమైనా ఆ తప్పును దిద్దలేదు.

యంత్రం తిరగడం మొదలైంది. బల్ల లోపలికి జారింది. ఎక్స్‌రే గొట్టం ఆమె ఛాతీ చుట్టూ తిరుగుతూ కొద్ది సెకన్లలో మెడ కింద నుంచి డయాఫ్రమ్ దాకా వచ్చేసింది. 1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగిని చూసినప్పుడు, చూసింది మెదడునే. ఒక్కో కోతకు నిమిషాలు పట్టేది, అంతసేపు ఎవరూ ఊపిరి బిగబట్టలేరు. ఇప్పుడు ఒక్క ఊపిరిలో ఛాతీ అంతా మిల్లీమీటరు మందం ముక్కలుగా, వందల బొమ్మలుగా వచ్చేస్తుంది. మందం తగ్గడమే ఇక్కడ కీలకం. అర సెంటీమీటరు మందం ముక్కలో కలిసిపోయి కనపడని గీతలు మిల్లీమీటరు ముక్కలో విడివిడిగా తేలతాయి.

"ఇప్పుడు గాలంతా వదిలెయ్యండమ్మా. ఖాళీ చెయ్యండి. పీల్చకండి." రెండోది అయింది. తరవాత ఆమెను బోర్లా తిప్పారు. వెల్లకిలా పడుకున్నప్పుడు వీపు వైపు ఊపిరితిత్తి బరువుకు నలిగి కొంచెం తెల్లబడుతుంది. బోర్లా తిప్పితే ఆ తెలుపు చెరిగిపోవాలి. చెరగకపోతే జబ్బు నిజం.

పక్క గదిలో దీపాలు ఆర్పేసి ఉన్నాయి. రేడియాలజిస్టు మేడమ్ తెర ముందు కూర్చున్నారు. మీరు ఆవిడ భుజం వెనక నిలబడండి. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీళ్ళు సున్నా, గాలి మైనస్ 1000. ఊపిరితిత్తి మొత్తం గాలికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఆ కొసన ఉన్న తేడాలు కంటికి ఆనేలా తెరను అమర్చారు. ఇప్పుడు గాలి నల్లగా, రక్తనాళాలు తెల్లటి కొమ్మలుగా కనిపిస్తున్నాయి.

మేడమ్ మౌస్ చక్రాన్ని మెల్లిగా తిప్పుతూ మెడ దగ్గర నుంచి కిందికి దిగుతున్నారు. మీకు బూడిద, నలుపు కనిపిస్తున్నాయి. ఆవిడ వెతుకుతున్నవి రెండే సంగతులు. జబ్బు ఎక్కడుంది, ఎలా ఉంది. పైనా, మధ్యలోనా, అడుగునా? అంచునా, లోతునా? గీతలా, చుక్కలా, మసకా, బొక్కలా?

ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్, వాడుకలో ఐఎల్‌డీ, ఒక జబ్బు కాదు. రెండు వందలకు పైగా జబ్బులున్న ఒక పెద్ద కుటుంబం. గాలి సంచికీ రక్తనాళానికీ మధ్య ఉండే అతి పలచని గోడలో వాపో, మచ్చో చేరడం వీటన్నిటికీ ఉమ్మడి. ఆ గోడ మందమైతే ప్రాణవాయువు రక్తంలోకి దాటడం కష్టమవుతుంది. ఊపిరితిత్తి బిరుసెక్కి సాగదు. ఆమె బస్సు మెట్ల మీద ఆగింది అందుకే. కానీ కొన్నిటికి స్టెరాయిడ్ ప్రాణం పోస్తుంది, కొన్నిటికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే రిపోర్టులో "ఐఎల్‌డీ మార్పులు" అని రాసి సంతకం పెట్టేస్తే సరిపోదు. ఇంటిపేరు చెప్పి మనిషి పేరు చెప్పకుండా వదిలేసినట్టే అది. నేను ఈ మాట గట్టిగానే అంటాను: ఏ రకమో, ఎంత నమ్మకంగా చెప్పగలరో రాయని రిపోర్టు రోగికి అక్కరకు రాదు.

"మీకు పోలిక తెలియాలంటే ముందు వేరేవి చూడాలి" అంటూ మేడమ్ పాత స్కాన్లు తెరిచారు. పేర్లు కనపడకుండా మూసేశారు.

మొదటిది అరవై అయిదు దాటిన మగాయన, ఏళ్ళ తరబడి చుట్ట తాగిన మనిషి. పై భాగం దాదాపు శుభ్రంగా ఉంది. కిందికి దిగేకొద్దీ పక్కటెముకల వెంట, వీపు వైపు, ఊపిరితిత్తి అంచునే అంటిపెట్టుకుని వల లాంటి గీతలు. ఇంకా అడుగున చిన్న చిన్న గాలి గదులు, మూడు నుంచి పది మిల్లీమీటర్లవి, ఒకదాని గోడ ఇంకోదానికి ఆనుకుని వరసల మీద వరసలు. తేనెపట్టు అంటారు దీన్ని. దాని పక్కన గాలిగొట్టాలు వంకరలు తిరిగి, చుట్టూ ఉన్న మచ్చ లాగేస్తే విప్పారి, అంచు దాకా కనిపిస్తున్నాయి. మామూలుగా గొట్టాలు అంచు దగ్గర అంత లావుగా ఉండవు. ఈ మూడూ కలిస్తే యూఐపీ అనే నమూనా. వేరే కారణం ఏదీ దొరకకపోతే జబ్బు పేరు ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, ఐపీఎఫ్. తబలా మాంత్రికుడు జాకిర్ హుస్సేన్‌ను 2024 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో తీసుకుపోయిన జబ్బు ఇదే.

ఇక్కడే నిపుణులు కూడా తడబడతారు. పొగతాగేవాళ్ళలో ఎంఫిసిమా వల్ల అంచున పడే బొక్కలు తేనెపట్టులా భ్రమ పెడతాయి. వాటి గోడలు పలచన, ఎక్కువగా పై భాగంలో, ఒకే వరసలో ఉంటాయి. అడ్డంగా కోసిన విప్పారిన గొట్టాలు కూడా తేనెపట్టు గదుల్లాగే ఉంటాయి. మేడమ్ ఒక బొక్కను పట్టుకుని పై ముక్కలోకి, కింది ముక్కలోకి వెంబడించారు. అది కొమ్మలా సాగి పెద్ద గొట్టంలో కలిసింది. "ఇది తేనెపట్టు కాదు, గొట్టం" అన్నారు. 2018లో అంతర్జాతీయ సంఘాలు దిద్దిన మార్గదర్శకాల ప్రకారం, తేనెపట్టు లేకుండా అదే చోట గీతలూ విప్పారిన గొట్టాలూ ఉంటే దాన్ని "ప్రాబబుల్ యూఐపీ" అంటారు. వయసు, పొగ అలవాటు, మిగతా సంగతులు సరిపోతే చాలామందికి ఊపిరితిత్తి ముక్క కోసి పరీక్షించే అవసరమే తప్పిపోతుంది.

మరి స్టెరాయిడ్ సంగతి? ఒకప్పుడు ఐపీఎఫ్‌కు కూడా ప్రెడ్నిసోన్, అజథయోప్రిన్, ఎసిటైల్‌సిస్టీన్ మూడూ కలిపి ఇచ్చేవారు. 2011లో అమెరికాలో పాంథర్ అనే పరీక్షలో ఆ మూడింటి కలయికను మధ్యలోనే ఆపేశారు. ఆ మందులు తీసుకున్నవాళ్ళలో చావులు, ఆసుపత్రి పాలవడాలు ఎక్కువయ్యాయి. 2014లో మచ్చ పెరుగుదలను నెమ్మదింపజేసే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులకు అక్కడ అనుమతి వచ్చింది. తేనెపట్టా, గొట్టమా అన్న పట్టింపు ఊరికే కాదు.

రెండో స్కాన్ నలభై దాటిన స్త్రీది. ఇదీ అడుగు భాగమే, కానీ తేనెపట్టు లేదు. రెండు వైపులా సమానంగా పలచని తెలుపు పరుచుకుంది. దాని వెనక రక్తనాళాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇదే గ్రౌండ్ గ్లాస్. మేడమ్ పెన్ను కొనతో వీపు వైపు అంచు చూపించారు. సరిగ్గా పైపొర కింద ఒక సన్న పట్టీ మేర జబ్బు ఆగిపోయి, నలుపు మిగిలింది. యూఐపీ అంచును కొరుక్కుతింటుంది, ఇది అంచును వదిలేస్తుంది. పేరు ఎన్ఎస్ఐపీ. ఇది కనిపిస్తే కళ్ళు వెంటనే అన్నవాహిక వైపు పోవాలి. అక్కడ అది గాలితో వెడల్పుగా తెరుచుకుని ఉంది. స్క్లెరోడెర్మా అనే జబ్బులో అలా ఉంటుంది. చన్నీళ్ళలో చేతులు పెడితే వేళ్ళు తెల్లబడి నీలమవుతున్నాయా అని ఆమెను అడిగితే అవునంది. ఊపిరితిత్తిలో కనిపించిన జబ్బు వేళ్ళలో మొదలైంది.

మూడోదాన్ని ఆవిడ త్వరగా దాటించారు. ఛాతీ మధ్య రెండు వైపులా సమానంగా ఉబ్బిన గ్రంథులు, గాలిగొట్టాల వెంట, తమ్మెల మధ్య పొరల వెంట పూసల్లా చిన్న చుక్కలు. సార్కాయిడోసిస్. మన దగ్గర దీన్నీ టీబీ అనుకునే ప్రమాదం ఎక్కువ. టీబీలో గ్రంథులు ఒక వైపే పెరగవచ్చు, నడుమ కుళ్ళవచ్చు, చుక్కలు చిన్న గొట్టాల కొసల్లో చిగుళ్ళు తొడిగినట్టు గుంపు కడతాయి. పై భాగంలో గట్టి చుక్కలు, పెంకులా సున్నం పట్టిన గ్రంథులు ఉంటే, రాతి మిల్లులోనో, పలకల పనిలోనో చేశారా అని అడగాలి.

ఇప్పుడు ఆమె స్కాన్. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టారు.

ఊపిరితిత్తిని అతి చిన్న గదులుగా చూడడం నేర్చుకోండి. ఒక్కోటి ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు, అయిదారు పలకలుగా ఉంటుంది. వేసవిలో మన నల్లరేగడి చేను బీటలు వారినప్పుడు ఏర్పడే పెళ్ళల్లాంటి ఆకారం. ఒక్కో పెళ్ళ నడుమ ఒక చిన్న గాలిగొట్టం, చుట్టూ పలచని కంచె. పీల్చిన దుమ్ము ముందు చేరేది ఆ నడిమి గొట్టంలోకి. ఆమె స్కాన్లో కొన్ని పెళ్ళల నడుమ అంచులు మసకబారిన బూడిద చుక్కలున్నాయి. కొన్ని పెళ్ళలు మొత్తంగా గ్రౌండ్ గ్లాస్ తెలుపులో ఉన్నాయి. కొన్ని మామూలుగా ఉన్నాయి. వాటి పక్కనే ఇంకొన్ని మామూలు కంటే నల్లగా ఉన్నాయి. ఒకే చోట మూడు రంగులు. గీతలు, గొట్టాల వంకరలు మధ్య భాగంలో ఎక్కువ. అన్నిటికంటే అడుగున, డయాఫ్రమ్ మీద కొంత మేర దాదాపు శుభ్రంగా మిగిలింది.

"గాలి వదిలిన సెట్ పెట్టండి" అన్న గొంతు వినిపించింది. ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

గాలి వదిలినప్పుడు మంచి ఊపిరితిత్తి చిక్కబడి తెల్లబడాలి. మామూలు పెళ్ళలు అలాగే తెల్లబడ్డాయి. నల్లటివి మాత్రం కదలలేదు. వాటిలోకి దారి తీసే చిన్న గొట్టాలు వాచి మూసుకుపోయి, లోపలి గాలి బయటికి రావడం లేదు. గాలి చిక్కుబడడం అంటే అదే. పీల్చి తీసిన బొమ్మలు మాత్రమే ఉంటే ఆ నలుపు ఎందుకో తేలేది కాదు. బోర్లా తీసిన సెట్లో వీపు వైపు గీతలు చెరిగిపోలేదు, అవి నిజమైన మచ్చలే.

"హెచ్‌పీ అనిపిస్తోంది మేడమ్" అన్నారు డాక్టరు. "ఫైబ్రోటిక్ హెచ్‌పీ. బొమ్మ బాగా సరిపోతోంది. దేనివల్లో మీరే కనుక్కోవాలి" అన్నారావిడ.

హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పీల్చిన బూజు, పక్షుల రెక్కల పొడి లాంటివాటి మీద ఊపిరితిత్తి తిరగబడడం. 1932లో ఇంగ్లండులో క్యాంబెల్ అనే వైద్యుడు ముక్కిన గడ్డితో పనిచేసిన రైతుల్లో దీన్ని మొదట వివరించాడు. రైతు ఊపిరితిత్తి అని పేరుపడింది. చెరకు పిప్పి ముక్కితే వచ్చే దానికి బగాసోసిస్ అని వేరే పేరుంది. మన దేశంలో 19 నగరాల్లో 27 కేంద్రాలు కలిసి 1,084 మంది కొత్త ఐఎల్‌డీ రోగులను నమోదు చేసి 2017లో ప్రచురించిన లెక్కలో 47.3 శాతం మందికి తేలింది హెచ్‌పీయే. ఐపీఎఫ్ 13.7 శాతం. ఆ హెచ్‌పీ రోగుల్లో దాదాపు సగం మంది ఇళ్ళలో ఎయిర్ కూలరు గాలి పీల్చినవాళ్ళు. పడమటి దేశాల పుస్తకం చదివి ఐపీఎఫ్‌నే ముందు తలచుకునే డాక్టరు ఇక్కడ తడబడతాడు.

పక్క గదిలో ఆమె కుర్చీలో కూర్చుంది. మీరు తలుపు వార నుంచి వినండి.

"అమ్మా, ఇంట్లో పక్షులున్నాయా? పావురాలు, చిలకలు?"

"లేవు బాబూ. నాలుగు కోళ్ళుండేవి, పోయినేడు తీసేశాం."

"గేదెలు?"

"రెండున్నాయి."

"గడ్డి ఎవరు వేస్తారు?"

"నేనే. పొద్దున్నే వాము లాగి వేస్తా."

"తడిసిన గడ్డా?"

ఆమె కొడుకు వైపు చూసింది. "కోతలప్పుడు వాన పడింది కదండీ. లోపల ముక్కిపోయింది" అన్నాడతను.

"ఎండాకాలం కూలరు పెట్టుకుంటారా?"

"మంచం పక్కనే ఉంటుందండీ. మూడేళ్ళయింది కొని."

"ప్యాడ్లు మార్చారా?"

"లేదండీ."

"ఈ రెండేళ్ళలో ఊరొదిలి ఎక్కడైనా ఎక్కువ రోజులు ఉన్నారా?"

"దసరాకి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర నెలున్నాను. అక్కడ దగ్గు తగ్గింది బాబూ. నీళ్ళ మార్పు అనుకున్నా."

డాక్టరు ఆ మాటను కేసు షీటులో రాసుకుని కింద గీత గీశారు. ఆయన ప్రశ్నలు మనిషిని బట్టి మారతాయి. ఉయ్యూరు వైపు మనిషైతే చక్కెర మిల్లు అడుగుతారు. అజిత్‌సింగ్ నగర్ మనిషైతే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లో ఎన్నాళ్ళు నిలిచాయి, గోడలకు బూజు పట్టిందా అని అడుగుతారు. అపార్టుమెంటు మనిషైతే బాల్కనీలో పావురాల సంగతి. స్కాన్ ఈ ప్రశ్నల దాకా తీసుకొచ్చి నిలబెడుతుంది, అంతకు మించి నడవలేదు. ప్రశ్నలు కూడా స్కాన్ లేకుండా గుంపులో తప్పిపోతాయి, ఎందుకంటే ఈ డెల్టాలో గడ్డి ముట్టని ఇళ్ళు ఎన్ని? గడ్డి ముట్టిన అందరికీ జబ్బు రాదు. రెండూ ఒకే బల్ల మీద పెట్టి ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకున్నప్పుడే జబ్బుకు పేరు దొరుకుతుంది.

వాళ్ళిప్పుడు ఆ పనే చేస్తున్నారు. కీళ్ళవాతం లాంటివి దాగి ఉన్నాయేమో రక్త పరీక్షలు చూడాలి. ఊపిరి ఊది చేసే పరీక్షలో ఎంత గాలి ఊదగలరో కొలిచే ఎఫ్‌వీసీ, దానితో పాటు వాయువు రక్తంలోకి దాటే శక్తిని కొలిచే డీఎల్‌సీవో కావాలి. బ్రాంకోస్కోపీతో లోపల కడిగిన నీటిలో లింఫోసైట్లు ఎక్కువుంటే అనుమానం బలపడుతుంది. ముక్క తీయడం అవసరమా అని మేడమ్ అడిగారు. ఆనవాళ్ళు ఇంతగా కలిసినప్పుడు ముందు అక్కర్లేదు అన్నారాయన.

కొడుకును పిలిచి చెప్పారు. "గడ్డివాము దగ్గరికి అమ్మని పోనివ్వకండి. మాస్కు కట్టుకున్నా వద్దు. కూలరు తీసెయ్యండి. రెండిట్లో ఏది కారణమో ఇప్పుడు తేల్చలేం, రెండూ మానాలి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మొదలుపెడతాను, నాకు చెప్పకుండా ఆపకూడదు."

"పూర్తిగా తగ్గుద్దా అండీ?"

"గ్రౌండ్ గ్లాస్ చాలా వరకు తగ్గొచ్చు. మచ్చపడ్డ చోటు వెనక్కి రాదు. అది పెరగకుండా ఆపాలి. మానేశాక కూడా పెరుగుతూ పోతే మచ్చను నెమ్మదింపజేసే మందు కలుపుతాం."

ఆమెకు మళ్ళీ స్కాన్ ఎప్పుడన్నది ఊపిరి పరీక్షను బట్టి ఉంటుంది. ఏడాదిలోపు ఆయాసం పెరగడం, ఎఫ్‌వీసీ అయిదు శాతం లేదా ఇంకా ఎక్కువ పడిపోవడం, స్కాన్లో మచ్చ పెరగడం, ఈ మూడింటిలో రెండు కనిపిస్తే జబ్బు ముదురుతోందని 2022 మార్గదర్శకాల లెక్క. అప్పుడు మేడమ్ ఈరోజు తీసిన వందల బొమ్మలను పక్కన పెట్టుకుని, అదే గొట్టం అదే ముక్కలో ఇంకా విప్పారిందా, డయాఫ్రమ్ మీద మిగిలిన శుభ్రమైన చోటు ఇంకా శుభ్రంగా ఉందా అని ఒక్కొక్కటీ పోల్చి చూస్తారు. అందుకే కొడుక్కి ఫిల్ములతో పాటు సీడీ కూడా ఇచ్చారు. ఫిల్ము మీద ఒక్కో షీటులో ఇరవై బొమ్మలు కుదించి అచ్చు వేస్తారు, వాటిలో ఆ పోలిక చూడలేరు.